నిద్ర చెడితే గబ్బిలం బతకదు

ఉత్తర అమెరికా గబ్బిలాలకు వచ్చిన వైట్ నోస్ సిండ్రోమ్ గురించి ఎక్కడ చదివినా ఒకే కథ. ఎక్కడినుంచో ఒక ఫంగస్ వచ్చింది, చలికాలం గుహల్లో నిద్రపోతున్న గబ్బిలాల మూతి మీద తెల్లగా బూజు పట్టింది, లక్షల్లో చచ్చిపోయాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథ అసలు సంగతి చెప్పకుండానే ముగిసిపోతుంది. చచ్చిపోయిన గబ్బిలాన్ని కోసి చూసినప్పుడు ఫంగస్ చర్మంలోనే కనిపిస్తుంది, సాధారణంగా గుండె, కాలేయం లాంటి లోపలి అవయవాల దాకా పోదు. లోపల కనిపించకుండా పోయేది కొవ్వు. చలికాలమంతా గడవడానికి దాచుకున్నది సగం చలికాలానికే కరిగిపోయి ఉంటుంది. బయట మంచు, తినడానికి ఒక్క పురుగు కూడా దొరకదు. అంటే ఆ గబ్బిలం ఆకలితో, దాహంతో పోయింది.

ఫంగస్ లేకపోతే ఈ చావులు లేవు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. అయితే ఫంగస్ మొదలుపెట్టిన పనిని పూర్తి చేసేది ఆ ఫంగస్‌కు గబ్బిలం ఒళ్లు స్పందించే తీరు. మాటిమాటికీ మెలకువ రావడం, ఒళ్లు వేడెక్కించుకోవడం, రెక్కలు నాక్కోవడం, రోగనిరోధక వ్యవస్థ అరకొరగా పోరాడటం, ఇవన్నీ కలిసి దాని ప్రాణం తీస్తాయి. ఇది పండితుల మధ్య తేల్చుకోవలసిన చిన్న తేడా అని నేను అనుకోను. ఫంగస్‌ను చంపడమే మన పని అనుకుంటే డబ్బు, శ్రమ ఒక దారిలో పోతాయి. గబ్బిలం నిద్రను కాపాడటం మన పని అనుకుంటే ఇంకో దారిలో పోతాయి. నేను రెండో దారి మనిషిని. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ నగరానికి దగ్గర్లోని హోవ్స్ కేవ్ అనే గుహలో తీసిన ఒక ఫోటోలో గబ్బిలాల ముక్కు చుట్టూ తెల్లటి పొర కనిపించింది. ఈ రోగానికి మనదగ్గరున్న మొదటి సాక్ష్యం అదే. మరుసటి చలికాలం, అంటే 2007లో, ఆ చుట్టుపక్కల గుహల్లోకి లెక్కలకోసం వెళ్లిన రాష్ట్ర జీవశాస్త్రజ్ఞులకు వేలకొద్దీ చచ్చిన గబ్బిలాలు కనిపించాయి. 2009లో ఆ ఫంగస్‌ను కొత్త జాతిగా గుర్తించారు. ఇప్పుడు దాని పేరు సూడోజిమ్నోయాస్కస్ డిస్ట్రక్టన్స్. 2011లో ఆరోగ్యంగా ఉన్న గబ్బిలాలకు దాన్ని అంటించి చూసి, రోగానికి కారణం ఇదేనని తేల్చారు. 2012 నాటికి చనిపోయిన గబ్బిలాలు 57 లక్షల నుంచి 67 లక్షల దాకా ఉంటాయని అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అంచనా వేసింది. 2016లో దేశానికి ఆ చివర, పసిఫిక్ తీరాన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో రోగం బయటపడింది. 2021లో అచ్చయిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం లిటిల్ బ్రౌన్ బ్యాట్, నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ బ్యాట్, ట్రైకలర్డ్ బ్యాట్ అనే మూడు జాతులు పదేళ్లు తిరక్కుండానే నూటికి 90కి పైగా తగ్గిపోయాయి.

గబ్బిలం పేరెత్తితే చాలామందికి వాటినుంచి మనకొచ్చే రోగాలే గుర్తొస్తాయి. ఇక్కడ వ్యవహారం తలకిందులు. ఈ ఫంగస్ యూరప్, ఆసియా గుహల్లో ఎంతో కాలంగా ఉంది, అక్కడి గబ్బిలాలు దానితోనే బతుకుతున్నాయి. గుహల్లో చలికాలం గడిపే ఈ గబ్బిలాలు అట్లాంటిక్ సముద్రం దాటి ఎగిరిపోవు. గుహల్లో తిరిగే మనుషుల బూట్లకో, తాళ్లకో, సామానుకో అంటిన మట్టిలో దాని సిద్ధబీజాలు సముద్రం దాటి ఉంటాయన్నదే అందరూ ఒప్పుకునే వివరణ. ఆ పాపంలో మనిషి వాటా ఉందని నేను నమ్ముతాను, అందుకే ఈ విషయంలో చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకావడం లేదు.

సరే, నిద్ర సంగతి. లిటిల్ బ్రౌన్ బ్యాట్‌నే తీసుకుందాం, ఎందుకంటే ఎక్కువ పరిశోధనలు దాని మీదే జరిగాయి. చలికాలం మొదలయ్యేటప్పుడు దాని బరువు తొమ్మిది, పది గ్రాములు. అందులో దాదాపు పావు వంతు కొవ్వే. గుహలోకి చేరాక తల కిందికి వేలాడి, ఒళ్లు చల్లబరుచుకుంటుంది. కాసేపట్లోనే ఒంటి వేడి గుహ గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉండే స్థితికి వస్తుంది. నిమిషానికి కొన్ని వందల సార్లు కొట్టుకునే గుండె పది, ఇరవై సార్లకు తగ్గుతుంది. నిమిషాల తరబడి ఊపిరే తీయదు. పట్టుకుంటే రాయిలా చల్లగా, చచ్చిపోయిందేమో అన్నట్టు ఉంటుంది.

కానీ అది ఆరు నెలలూ ఏకబిగిన అలా ఉండదు. సుమారు రెండు వారాలకొకసారి లేస్తుంది. ఒళ్లంతా వణికించి వేడి పుట్టించుకుని, మామూలు ఉష్ణోగ్రతకు వచ్చి, గంటో రెండు గంటలో మెలకువగా ఉంటుంది. నీళ్లు తాగుతుంది, మూత్రం పోస్తుంది, ఒక్కోసారి చోటు మార్చుకుంటుంది, ఒక్కోసారి జతకడుతుంది. మళ్లీ చల్లబడి నిద్రలోకి పోతుంది. చలికాలం మొత్తంలో మెలకువగా ఉండే సమయం నూటికి ఒక వంతో అటూఇటో. కరిగే కొవ్వులో నాలుగింట మూడు వంతులు, అంతకు మించి కూడా, ఆ కొద్ది గంటలకే ఖర్చవుతుంది. ఒక్కసారి లేస్తే సుమారు 100 మిల్లీగ్రాముల కొవ్వు ఖర్చు. లేవకుండా పడుకుంటే అదే 100 మిల్లీగ్రాములతో రెండు నెలలు గడిచిపోతాయి.

ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఆరు నెలల చలికాలంలో రెండు వారాలకొకసారి అంటే పదమూడు సార్లు లేవడం. దానికి 1.3 గ్రాములు. నిద్రకు అయ్యే ఖర్చు కలిపినా, దాచుకున్న రెండున్నర గ్రాముల్లో ఏప్రిల్‌కి కొంచెం మిగులుతుంది. ఇప్పుడు అదే గబ్బిలం రెండు వారాలకు బదులు నాలుగైదు రోజులకొకసారి లేస్తోందనుకోండి. ఆరు నెలలకు నలభై సార్లు, అంటే నాలుగు గ్రాములు. దాని ఒంట్లో అంత కొవ్వు ఎప్పుడూ ఉండదు. నాలుగు నెలలు తిరక్కుండానే ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. రోగం సోకిన గుహల్లో జనవరి నుంచి మార్చి లోపు శవాలు రాలడం వెనక ఉన్నది ఈ కూడికలు, తీసివేతలే.

నాలుగైదు రోజులన్నది నేను ఊహించి వేసిన అంకె కాదు. 2012లో రెండు పరిశోధనలు దీన్ని నేరుగా కొలిచాయి. ఒకటి గుహల్లోనే గబ్బిలాలకు ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరాలు అతికించి చూసింది. రోగం ఎంత ముదిరితే మెలకువలు అంత ఎక్కువ, మెలకువలు ఎంత ఎక్కువైతే చావు అంత ముందు. రెండోది ప్రయోగశాలలో ఫంగస్ అంటించి చూసింది. అంటించినవి చివరికి వచ్చేసరికి, అంటించని వాటికంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువసార్లు లేచాయి. ఆ ప్రయోగంలో యూరప్ ఫంగస్‌నూ, అమెరికా ఫంగస్‌నూ వేరువేరుగా అంటించారు. రెండూ అమెరికా గబ్బిలాలను చంపాయి. కాబట్టి అమెరికాకు వచ్చాక ఫంగస్ కొత్తగా ముదిరిందన్న అనుమానానికి బలం తగ్గింది. అక్కడి గబ్బిలాలకు అది కొత్త, వాటి ఒంటికి దాన్ని ఎలా తట్టుకోవాలో తెలియదు.

మరి చర్మం మీది బూజుకి నిద్ర ఎందుకు చెడాలి? ఇక్కడే రెక్క గురించి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే అందరి కళ్లూ మూతి మీదే ఉంటాయి కానీ అసలు నష్టం రెక్కకే జరుగుతుంది.

గబ్బిలం ఒంటి చర్మంలో ఎక్కువ భాగం రెక్కలదే. ఆ పొర ఎంత పలచన అంటే వెలుతురుకి ఎదురుగా పడితే లోపలి రక్తనాళాలు కనిపిస్తాయి. దాన్ని ఎగరడానికి మాత్రమే పనికొచ్చే గుడ్డలా చూస్తే పొరపాటు. ఒంట్లోని నీరు నిలబడాలన్నా, రక్తపోటు సరిగా ఉండాలన్నా, కొంతమేరకు కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలన్నా ఆ పొర బాగుండాలి. ఫంగస్ ఆ చర్మంలోకి దిగి, సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న గిన్నెల్లాంటి గుంటలు తవ్వి, వాటిని తన పోగులతో నింపేస్తుంది. మామూలు కంటికి రెక్క కాస్త ముడతలు పడి, అంటుకుపోయినట్టు ఉంటుంది, అంతే. అదే రెక్క వెనక నుంచి అతినీలలోహిత కాంతి వేస్తే ఆ గుంటలున్న ప్రతి చోటా నారింజ పసుపు రంగు చుక్కలు వెలుగుతాయి. ఫంగస్ పోగేసే రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, ఆ వెలుగుకి కారణమంటారు. పరిశోధకులు గబ్బిలాన్ని చంపకుండా, ముక్క కోయకుండా రోగం ఉందో లేదో చూడటానికి ఆ చుక్కలే ఆధారం. ఆ ఫోటోలు ఒకసారి చూస్తే మర్చిపోలేరు. పైకి ఏమీ లేనట్టున్న రెక్కంతా చుక్కలే.

ఈ ఫంగస్‌కి చలి కావాలి. 12 నుంచి 16 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, అంతకంటే చల్లగా ఉన్నా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది, 20 డిగ్రీలు దాటితే ఆగిపోతుంది. మెలకువగా ఉన్న గబ్బిలం ఒంటి వేడిలో అది పెరగలేదు. నిద్రపోతున్న గబ్బిలం చల్లటి చర్మం మాత్రం దానికి కావలసినట్టు ఉంటుంది. 2024లో వచ్చిన ఒక పరిశోధన చర్మకణాల స్థాయిలో ఇంకో సంగతి బయటపెట్టింది. నిద్రలో ఒక రకంగా, మెలకువలో ఇంకో రకంగా, రెండు వేరు దారుల్లో ఫంగస్ చర్మకణాల్లోకి దూరుతుంది. దూరిన కణం తనంతట తాను చచ్చిపోయి రోగాన్ని అక్కడికక్కడే ఆపకుండా కూడా అడ్డుకుంటుంది. కాబట్టి లేచి ఒళ్లు వేడి చేసుకున్నా గబ్బిలానికి పూర్తిగా విడుదల లేదు.

2014లో ప్రయోగశాలలో గబ్బిలాల ఒంట్లో ఏం జరుగుతోందో వరుసగా కొలిచిన వాళ్లకు దొరికిన క్రమం నా వాదనకు ఆయువుపట్టు. ఫంగస్ సోకినవి సోకనివాటి కంటే రెట్టింపు శక్తి ఖర్చు చేశాయి. వాటి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఆమ్లత పెరిగింది, పొటాషియం పెరిగింది. రోగం ఇంకా తేలిగ్గా ఉన్న దశలోనే, మెలకువలు విపరీతం కాకముందే ఇదంతా జరిగింది. అక్కడినుంచి గొలుసు సాగుతుంది. పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించుకోవడానికి గబ్బిలం లేచి గబగబా ఊపిరి తీయాలి. అలా తీస్తే ఊపిరితో నీరు పోతుంది. పుండ్లు పడ్డ రెక్కలోంచి ఇంకొంత నీరు పోతుంది. దాహం వేస్తుంది, మళ్లీ లేస్తుంది. గుహ గోడ మీది నీళ్లు నాకుతుంది. నీళ్లయితే దొరుకుతాయి, పోయిన లవణాలు మాత్రం తిండి లేకుండా తిరిగి రావు. ఇంకా లేస్తుంది. ప్రతి మెలకువకూ 100 మిల్లీగ్రాములు. పట్టపగలు, మంచు కురుస్తుండగా గుహ బయట ఎగురుతూ కనిపించిన గబ్బిలాలను చూసి తొలినాళ్లలో జనం ఆశ్చర్యపోయారు. అవి నీళ్లకోసమో తిండికోసమో బయటికి వచ్చి, రెండూ దొరక్క, మంచు మీద పడి చచ్చిపోయాయి.

లేచినప్పుడు అవి ఏం చేస్తున్నాయో కెమెరాలు పెట్టి చూసినవాళ్లున్నారు. ఆరోగ్యంగా ఉన్నవి కాసేపు కదిలి మళ్లీ గుంపులో ఒదిగిపోతాయి. రోగం సోకినవి తమ ఒళ్లు తాము నాక్కుంటూ, రెక్కలు శుభ్రం చేసుకుంటూ ఎక్కువసేపు గడుపుతాయి. ఎంత సహజమైన పని అది! ఒంటికి ఏదో అంటింది, తుడిచేసుకోవాలి. వేరే ఏ రోగమైనా అయితే, వేరే ఏ కాలంలోనైనా అయితే అది మంచి పనే. ఫంగస్ లోపలికి దిగిపోయాక, కొవ్వు లెక్క మీద బతుకుతున్న రోజుల్లో, ఆ శుభ్రత కూడా ప్రాణం మీదికి వస్తుంది.

రోగనిరోధక వ్యవస్థ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. గాఢనిద్రలో ఉన్నప్పుడు గబ్బిలం ఆ వ్యవస్థను దాదాపుగా మూసేస్తుంది, ఎందుకంటే దాన్ని నడపడం ఖర్చుతో కూడిన పని. అయినా ఫంగస్ సోకిన రెక్క చర్మంలో వాపు సంకేతాలకు సంబంధించిన జన్యువులు మేలుకుంటాయని 2015లో తేలింది. సంకేతం వెళ్తుంది, కానీ రావలసిన తెల్ల రక్తకణాలు రావు. శక్తి ఖర్చవుతుంది, ఫలితం ఉండదు. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన, ఈ ఫంగస్ మీద యాంటీబాడీలు బాగా తయారైనంత మాత్రాన గబ్బిలం గట్టెక్కదని చూపించింది. చలికాలం ఎలాగో దాటి బయటపడినవాటికి కూడా గండం తీరదు. వసంతంలో ఒళ్లు వేడెక్కి, రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా తిరిగి పనిలోకి దిగినప్పుడు, తెల్ల రక్తకణాలు రెక్క మీదికి వెల్లువలా వచ్చిపడి, ఫంగస్‌తో పాటు రెక్కను కూడా చీల్చేస్తాయి. ఎయిడ్స్ రోగుల్లో మందులతో రోగనిరోధక శక్తి తిరిగి వస్తున్నప్పుడు కొందరికి వచ్చే తీవ్రమైన వాపుతో పరిశోధకులు దీన్ని పోల్చారు. ఆకలిని తట్టుకుని ఏప్రిల్ దాకా వచ్చిన గబ్బిలం, పురుగులు దొరికే రోజు వచ్చాక, చిరిగిన రెక్కలతో ఎగరలేక పోవడం గురించి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

ఇక యూరప్ వైపు చూడండి. అక్కడ మయోటిస్ మయోటిస్ అనే పెద్ద గబ్బిలం మీద చలికాలం చివర ఇదే తెల్లబూజు కనిపిస్తుంది, రెక్కల్లో పుండ్లూ ఉంటాయి. కానీ గుంపులు గుంపులుగా చావులు లేవు. ఆ జాతినీ, అమెరికా లిటిల్ బ్రౌన్ బ్యాట్‌నీ పక్కపక్కన పెట్టి, ఫంగస్ సోకినప్పుడు ఏయే జన్యువులు మేలుకుంటున్నాయో 2019లో పోల్చి చూశారు. అమెరికా గబ్బిలం ఒంట్లో పెద్ద గందరగోళమే జరిగింది. యూరప్ గబ్బిలంలో పెద్దగా చలనమే లేదు. తరతరాలుగా ఫంగస్‌తో సహవాసం చేసిన జాతి నేర్చుకున్నది గట్టిగా కొట్టడం కాదని, పట్టించుకోకుండా నిద్రపోవడమని నేను అర్థం చేసుకున్నాను.

దీనికి అడ్డంగా వచ్చే సాక్ష్యం ఉంది, దాన్ని దాచి వాదించను. ఆసియాలో గబ్బిలాల మీద ఫంగస్ తక్కువగా ఉండటానికి ఒక కారణం వాటి గుహలే. ఎండాకాలంలో ఆ గుహల గోడల మీద ఫంగస్ చాలావరకు తగ్గిపోతుంది. తర్వాతి చలికాలంలో రోగం ఆలస్యంగా మొదలవుతుంది, ముదిరేలోపు వసంతం వచ్చేస్తుంది. అలాగే అమెరికాలో రోగం వచ్చిపోయిన కొన్నిచోట్ల మిగిలిన గుంపుల మీద ఫంగస్ పెరుగుదల నెమ్మదిగా ఉందని 2017లో చూపించారు. అంటే కొన్ని గబ్బిలాలు నిజంగానే దాన్ని అడ్డుకుంటున్నాయి. కాబట్టి ఓర్చుకోవడం ఒక్కటే బతుకుదారి అని నేను అనను. కానీ ఈ సాక్ష్యాలన్నీ కూడా ఒకే వైపు చూపిస్తున్నాయి. రోగం ముదిరేలోపు చలికాలం అయిపోవాలి. ఆ గడువు దాకా కొవ్వు నిలబడితే గబ్బిలం బతుకుతుంది.

బతికిన వాటి దగ్గరకు వస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. మొదటి దెబ్బ తిన్న కొన్నేళ్లకు మిగిలిన లిటిల్ బ్రౌన్ బ్యాట్లను తూకం వేస్తే, కొన్ని గుహల్లో అవి రోగం రాకముందరి గబ్బిలాల కంటే ఎక్కువ కొవ్వుతో చలికాలంలోకి అడుగుపెడుతున్నాయని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. బతికి బట్టకట్టిన గుంపుల్లోని గబ్బిలాలు అంతగా మాటిమాటికీ లేవడం లేదని 2016లో ఇంకొకటి చెప్పింది. మిషిగన్‌లో చచ్చినవాటి, బతికినవాటి జన్యువులను పోల్చినప్పుడు నిద్రకు, కొవ్వు వాడకానికి సంబంధించిన చోట్ల తేడాలు కనిపించాయి. ఇంకో మార్పు అందరికీ కనిపించేదే. ఒకప్పుడు ఒకదానికొకటి అంటుకుని వేలాడే జాతి, రోగం వచ్చాక ఒంటరిగా వేలాడటం బాగా పెరిగింది. ముందు నూటికి ఒకటో రెండో ఒంటరివి ఉండేవి, తర్వాత నూటికి నలభై దాటాయి.

ఇదంతా చదివి ప్రకృతే చూసుకుంటుందిలే అనేవాళ్లు ఎదురవుతుంటారు. ఆ మాట నాకు అస్సలు మింగుడుపడదు. లిటిల్ బ్రౌన్ బ్యాట్ ఏడాదికి ఒక్క పిల్లను పెడుతుంది. ముప్పై ఏళ్లు దాటి బతికిన గబ్బిలాలు రికార్డుల్లో ఉన్నాయి. ఎలుకలా ఏటా పదుల సంఖ్యలో కని పోగొట్టుకున్నది రాబట్టుకునే జంతువు కాదది. నూటికి తొంభై పోయిన గుంపు, అంతా సవ్యంగా సాగినా, కోలుకోవడానికి మనిషి జీవితకాలం పడుతుంది. పైగా గబ్బిలాలు అన్నిసార్లూ తమకు మంచిది ఎంచుకోవు. మిషిగన్, విస్కాన్సిన్ గనుల్లో చేసిన ఒక పరిశీలన 2021లో అచ్చయింది. గనిలో చల్లటి మూలలున్నా చాలా గబ్బిలాలు వెచ్చటి చోట్లకే పోతున్నాయి. ఒకప్పుడు అది మంచి ఎంపికే. ఇప్పుడు ఆ వెచ్చదనంలో ఫంగస్ వేగంగా పెరుగుతుంది, అక్కడ పడుకున్నవి ఎక్కువగా చస్తున్నాయి. అయినా ఏటా అక్కడికే వెళ్తున్నాయి. పాత అలవాటు కొత్త కాలంలో ఉచ్చుగా మారింది.

ఏం చేయాలన్న దగ్గర నా అభిప్రాయం చాలామందికి నచ్చదని తెలుసు. ఫంగస్‌ను చంపే ప్రయత్నాలు చాలా జరిగాయి, వాటిని తక్కువచేసి మాట్లాడను. విస్కాన్సిన్‌లో ఒక గనిలో సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బ్యాక్టీరియాను గబ్బిలాల మీద చల్లితే, ఏమీ చల్లకుండా వదిలేసినవాటిలో నూటికి ఎనిమిది చలికాలం దాటగా, చల్లినవాటిలో 46 దాటాయి. ఇది చిన్న విజయం కాదు. టీకా మీద కూడా పని జరుగుతోంది. ఈ ఫంగస్‌కి అతినీలలోహిత కాంతి తగిలితే దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకునే ఒక ఎంజైమ్ లేదని 2018లో తేలినప్పుడు ఎంతో ఆశ పుట్టింది. కానీ గుహలో ఫంగస్ గబ్బిలాల మీదే కాదు, గోడల మీద, మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక గబ్బిలానికి మందు వేయాలంటే దాన్ని పట్టుకోవాలి. పట్టుకుంటే అది లేస్తుంది. ఒక్క మెలకువ ఖరీదు పైన లెక్క వేశాం. పైగా గుహ అంటే ఫంగస్, గబ్బిలం మాత్రమే కాదు. ఆ చీకట్లో తప్ప ఇంకెక్కడా లేని పురుగులు, సూక్ష్మజీవులు ఎన్నో ఉంటాయి. గోడలకు మందు కొట్టడం మొదలుపెడితే వాటి గతి ఏమిటి?

అందుకే నేను ముందు వరుసలో పెట్టమనేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నడిచే పని. ఆ రెండు మూడు నెలల్లోనే గబ్బిలం తన కొవ్వంతా సంపాదించుకుంటుంది. గుహకి చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల లోపు అడవి అంచులు, చెరువులు, వాగుల ఒడ్డు, పురుగుమందు పడని నేల ఉంటే అర గ్రాము కొవ్వు ఎక్కువ చేరవచ్చు. అర గ్రాము అంటే ఐదు మెలకువలు, రోగంతో ఉన్న గబ్బిలానికి మూడు వారాల ఆయుష్షు. గుహల దగ్గర అతినీలలోహిత దీపాలు పెట్టి పురుగులను ఒకచోటికి రప్పించి, గబ్బిలాలకు తేలిగ్గా తిండి దొరికేలా చేసే ప్రయోగాన్ని బ్యాట్ కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ సంస్థ మిషిగన్‌లో చేసింది. ఆ ఆలోచన దిశ నాకు నచ్చింది. దీపాలు ఎల్లకాలం పెట్టలేం, నిజమే. పురుగులు బతికే నేలను మాత్రం నిలబెట్టుకోగలం.

ఇక్కడ ఒక విషవలయం ఉంది. 2024లో సైన్స్ పత్రికలో ఎయాల్ ఫ్రాంక్ అనే ఆర్థికవేత్త ఒక పరిశోధన ప్రచురించారు. గబ్బిలాలు పోయిన కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి చోట్ల, పంటల మీద పురుగుమందుల వాడకం సుమారు 31 శాతం పెరిగింది. అవే కౌంటీల్లో ప్రమాదాలు, హత్యల వల్ల కాని శిశు మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయి. గబ్బిలం విలువ ఏమిటని అడిగేవాళ్లకు ఈ అంకె చాలు. నాకు మాత్రం ఇందులో గబ్బిలం వైపు నుంచి కనిపించేది ఇంకొకటుంది. మిగిలిన కొద్ది గబ్బిలాలు బతకాలంటే శరదృతువులో పురుగులు పుష్కలంగా కావాలి. వాటి తోటి గబ్బిలాలు పోయినందువల్లే ఆ పురుగుల మీద మందు ఎక్కువగా పడుతోంది. ఈ రెండింటినీ కలిపి ఎవరైనా కొలిచి చూడాలని నా కోరిక.

రెండో పని చలికాలంలో గుహలకు తాళం వేయడం. గుహల్లో తిరగడం ఇష్టపడేవాళ్లకు ఈ మాట కోపం తెప్పిస్తుంది. గబ్బిలాల నుంచి గబ్బిలాలకే రోగం పాకుతున్నప్పుడు మమ్మల్ని ఆపి లాభమేంటని అడుగుతారు. సోకిన గుహ విషయంలో ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ సోకిన గుహలోనే నిద్రకు విలువ ఎక్కువ. టార్చి వెలుగు, మాటలు, మనిషి ఒంటి వేడి చాలు వాటిని లేపడానికి. ఒక గబ్బిలం లేచి కదిలితే పక్కనున్నవీ లేస్తాయి. అప్పటికే ఇరవై మెలకువలు ఖర్చయిన గబ్బిలానికి ఆ ఇరవై ఒకటోది ఎవరో సరదాకి చూడటానికి వచ్చినందువల్ల కాకూడదు. వేసవిలో వెళ్లండి, బూట్లు, సామాను శుభ్రం చేసుకుని వెళ్లండి, ఎవరూ కాదనరు.

నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ బ్యాట్ విషయంలో నా వాదన బలహీనపడుతుందని నాకు తెలుసు. 2015లో ప్రమాదం అంచున ఉన్న జాతిగా దాన్ని అమెరికా జాబితాలో చేర్చారు, 2022లో అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా మార్చారు. కొన్నిచోట్ల అది దాదాపుగా కనిపించకుండా పోయింది. దానికి అర గ్రాము కొవ్వు పెరిగేదాకా ఆగే తీరిక లేదు. అలాంటి జాతికి మందైనా, టీకా అయినా, పట్టుకుని లేపడమైనా, ఏదైనా సరే చేయాల్సిందే. ట్రైకలర్డ్ బ్యాట్ కూడా ఆ దారిలోనే ఉంది. కానీ ఆ అత్యవసర వైద్యాన్నే అన్నిటికీ పద్ధతిగా మార్చవద్దు. బిగ్ బ్రౌన్ బ్యాట్ లాంటి జాతులు తక్కువ నష్టంతో బయటపడ్డాయి. లిటిల్ బ్రౌన్ బ్యాట్ కొన్నిచోట్ల నిలదొక్కుకుంటోంది. వాటికి కావలసింది మన చేతులు కాదు, మనం లేని చలికాలం.

చివరగా పరిశోధకులకు ఒక మాట, ఎందుకంటే చలికాలం మధ్యలో గుహల్లోకి ఎక్కువగా వెళ్లేది వాళ్లే. లెక్కలు కావాలి, ఒప్పుకుంటాను. 2007లో లెక్కల కోసం వెళ్లబట్టే అసలు ఈ రోగం బయటపడింది. కానీ గబ్బిలం చర్మం కింద పెట్టే బియ్యపుగింజంత చిప్‌ను గుహ ముఖద్వారం దగ్గర అమర్చిన యాంటెన్నా చదవగలదు. ఏ గబ్బిలం ఏ తేదీన లోపలికి వెళ్లింది, ఏ తేదీన బయటికి వచ్చింది, అసలు వచ్చిందా లేదా అన్నది ఎవరూ లోపలికి అడుగుపెట్టకుండానే తెలుస్తుంది. చిప్ పెట్టడం శరదృతువులో, అవి మెలకువగా ఉన్నప్పుడే అయిపోతుంది. ఈ పద్ధతి వాడగలిగిన ప్రతి గుహలోనూ డిసెంబరు నుంచి మార్చి దాకా లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టడం మానేయాలి.